అరిగిన పేరును తోమకు బిడ్డా

బిడ్డా,

నువ్వు ఫోన్‌లో పంపిన ఫొటోలన్నీ చూసిన. అద్దాలు పెట్టుకొని ఒకసారి, అద్దాల మీద భూతద్దం పట్టి ఇంకోసారి. దేవరకొండ అంగడిలో కొన్న రాగి బిందె మంచిగున్నది. మెడకింద ఏవో చుక్కల అక్షరాలున్నయని, సగం అరిగినయని, చింతపండు పెట్టి తోమితే తేటగ అవుపడుతయేమోనని అడిగినవు. తోమకు. ఈ ఒక్క మాట విన్నాకనే మిగతాది చదువు.

నీ వయసులో నేను చేసిన పని ఒకటి చెప్త. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె మా ఇంట్లో ఉండేది. దాని మెడ మీద మా తాత పేరు కొట్టించి ఉండేది. దసరాకు మెరవాలని నేను ఇటుకపొడి, చింతపండు, గడ్డిచుట్ట పట్టుకొని పొద్దంతా రుద్దిన. బిందె బంగారంలెక్క మెరిసింది. అమ్మ పొలం నుంచి వచ్చి, చెయ్యి కడుక్కొని, మెడ మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమి చూసుకున్నది. చివరి రెండక్షరాలే వేలికి తగిలినయి. ఒక్క మాట అనలేదు, బిందెను తీసుకపోయి అటకెక్కించింది. అమ్మకు చదువు రాదు. ఆ పేరును ఆమె ఎప్పుడూ వేలితోనే చదివేదని నాకు అప్పుడు తెలవదు.

ఎందుకు పోయిందో తర్వాత తెలిసింది. మనకు అక్షరం కనబడేది గుంట వల్లనే అనుకుంటం. నిజానికి గుంట అంచు నిలబడి ఉంటేనే కనబడుతది. ఇటుకపొడి ఆ అంచును గీకి చదును చేస్తది. పాత రాగి మీద పట్టే నల్లటి, ఎర్రటి పొర గుంటలో ఎక్కువగ, పైన తక్కువగ నిలుస్తది. ఆ రంగు తేడానే కంటికి ఆధారం. చింతపండు పులుపు ఆ పొరను కరిగించి లోపలా పైనా ఒకటే చేస్తది. దుకాణంలో దొరికే పొడులైనా, నిమ్మకాయ ఉప్పైనా అదే పని. మట్టి ఉంటే మంచినీళ్ళతో కడుగు, మెత్తటి గుడ్డతో అద్దు. చాలు.

ఇంక నీ ప్రశ్న. "తాతా, ఇది ఎవరు చేసిన్రో ఆ అక్షరాల్లో ఉంటది కదా?" అని అడిగినవు. మన బోళ్ల మీద చేసినోళ్ళ పేరు ఉండదు బిడ్డా, కొనుక్కున్నోళ్ళ పేరు ఉంటది. కంచరి పొద్దంతా సుత్తె కొట్టి బిందె చేస్తడు. అది దుకాణం చేరినాక గడప దగ్గర చిన్న ఉలి పట్టుకొని కూచున్న మనిషి, పెళ్ళిలో ఎవరు ఇస్తున్నరో వాళ్ళ పేరు, ఊరు, ఒక్కోసారి సంవత్సరం చుక్కచుక్కగ కొట్టి ఇస్తడు. పేరు కొట్టించడం గొప్పకే అనుకోకు. ఊర్లో పెళ్ళైతే పది ఇండ్ల గుండిగలు, గంగాళాలు ఒక్క పందిట్లో చేరేటివి. పొద్దుగాల ఎవరి బోళ్లు వాళ్ళకు చేరాలంటే పేరు ఉండాలె. ఆడపిల్ల వెంట వచ్చిన బిందె ఆమెదే అని చెప్పడానికి అప్పట్లో ఇంకో కాయితం ఏమున్నది?

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ వెండి వస్తువును చట్టం ప్రకారం పరీక్షశాలకు పంపాలె. వాళ్ళు సింహం ముద్ర వేస్తరు. బర్మింగ్‌హామ్‌లో పరీక్షిస్తే లంగరు బొమ్మ, లండన్‌లో అయితే చిరుత తల. పక్కన ఏ ఏడో చెప్పే ఒక అక్షరం, చేసినవాళ్ళ పొడి అక్షరాలు. ఆ నాలుగు గుర్తులు చదివితే దాని జాతకమంతా వస్తది. మన దిక్కు గడీల్లో, సంస్థానాల ఇండ్లల్లో మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళ పేరు కొట్టిన వెండి గిన్నె లాంటిది నీకు కనబడితే అది చేసినోళ్ళ ముద్ర పట్టుకొని చదవాల్సిన వస్తువు. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే మాత్రం మోసపోకు, అది పైన వెండి పూత పూసిన జర్మన్ సిల్వర్. జర్మన్ సిల్వర్‌లో వెండి ఈసమంత కూడా ఉండదు, రాగి, నికెలు, జింకు కలిపిన లోహం అది.

మరి మన కంచరిని ఎక్కడ వెతకాలె? అతుకులో వెతుకు. బిందెను బోర్లించి, లోపల టార్చి పెట్టి నడుం దగ్గర చూడు. పాత చేతిపని అయితే రెండు రేకులు కలిసినచోట పళ్ళు పళ్ళుగ ఒక గీత తిరిగి ఉంటది. ఒక రేకు అంచును పళ్ళలెక్క కత్తిరించి రెండోదానిలో ఇరికించి, పొడి టాకా వేసి కొలిమిలో కరిగించి అతికిన గుర్తు అది. ఎర్ర రాగిలో ఆ గీత ఒక్కటే పచ్చగ ఉంటది. పైన సుత్తె దెబ్బలు వరుసలు తీరి ఉంటయి. వేలితో నిదానంగ తడుము, ఒక వరుస దెబ్బలన్నీ ఒకే దిక్కు వాలినట్టు తెలుస్తది. అది ఆ మనిషి చెయ్యి. ఒకే కొలిమిలో పుట్టిన రెండు బిందెలను పక్కపక్కన పెడితే, పేర్లు వేరైనా, చెయ్యి ఒకటని తెలుస్తది. మిషను మీద సాగదీసిన రేకు బిందెకు పళ్ళ అతుకు ఉండదు, దెబ్బలు ఉండవు, సన్నటి గుండ్రటి గీతలే ఉంటయి. ఇది గుర్తు పెట్టుకో, చివర్లో పనికొస్తది.

పెంబర్తి పని కూడా ఇట్లనే. గుడి తలుపుల మీద, కవచాల మీద వాళ్ళు లేపిన పూలూ హంసలూ చూస్తే కళ్ళు తిప్పుకోలేము, చేసినోళ్ళ పేరు మాత్రం వెతికినా దొరకదు. ఇప్పుడు పెంబర్తి అంటే జనగామ జిల్లా అంటరు గాని, నిజాం కాలంలో జనగామ తాలూకా మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఎక్కడో పక్క జిల్లా పని అని దాటేయకు.

ఇప్పుడు చదివే పద్ధతి. సాయంత్రం పొలం గట్టు మీద నిలబడ్డప్పుడు చూసినవా? పట్టపగలు చదునుగ కనబడ్డ దుక్కి, పొద్దు వాలంగనే సాళ్ళు సాళ్ళుగ లేస్తది. వెలుగు పక్క నుంచి వస్తే గడ్డపెళ్ళకు కూడా నీడ పడుతది. అరిగిన అక్షరానికీ అదే కావాలె. నువ్వు ఫ్లాష్ వేసి ఎదురుంగ తీసిన ఫొటోలో ఏమీ కనబడకపోవడానికి కారణం అదే. రాత్రి దీపాలన్నీ ఆర్పు. బిందెను బట్ట మీద పడుకోబెట్టు, దొర్లకుండ రెండు పక్కలా బియ్యం మూటలు పెట్టు. టార్చిని నెత్తి మీద పట్టకు, రాగి మీద ఆనీ ఆననట్టు పక్కన పట్టు. పట్టి, గడియారం ముల్లు తిరిగినట్టు మెల్లగ చుట్టూ తిప్పు. ఒక దిక్కు నుంచి వెలుగు పడితే నిలువు గీత లేస్తది, ఇంకో దిక్కు నుంచి పడితే అడ్డగీత లేస్తది. ఫోన్‌ను కదలకుండ ఒక్కచోట నిలబెట్టి, టార్చి జాగా మార్చినప్పుడల్లా ఒక ఫొటో తియ్యి. పన్నెండు దిక్కుల నుంచి పన్నెండు. తర్వాత ఒకదాని వెనుక ఒకటి జరుపుతూ చూడు.

ఇది పల్లెటూరి చిట్కా అనుకోకు. 2001లో హ్యూలెట్ ప్యాకర్డ్ పరిశోధనశాలలో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన తోటివాళ్ళు ఈ పద్ధతినే కంప్యూటరుకు నేర్పిన్రు. దిక్కు మార్చి మార్చి తీసిన ఫొటోలను కలిపితే, తెర మీద వెలుగును మన ఇష్టమొచ్చినట్టు తిప్పుకోవచ్చు. గ్రీసు సముద్రంలో దొరికిన ఆంటికిథెరా యంత్రమని రెండువేల ఏండ్ల నాటి కంచు యంత్రం ఉన్నది. దాని మీది అరిగిన అక్షరాలను 2005లో ఆ దారినే చదివిన్రు. వాళ్ళది గుమ్మటం నిండా దీపాలున్న సామాను. నీకు ఒక్క టార్చి, నీ ఓపిక ఉంటే ఈ బిందెకు సరిపోతది.

టార్చితో కానిచోట పలుచటి కాయితం పరిచి మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దు. గుంటలు తెల్లగ మిగులుతయి. బియ్యప్పిండి చిటికెడు చల్లి మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే పిండి గుంటలో నిలిచి అక్షరం తెల్లగ లేస్తది. చదవడం అయిపోయినాక కుంచెతో దులిపెయ్యి, లోపల ఉంచితే తేమ పడుతది. అన్నిటికన్నా ముందు కండ్లు మూసుకొని వేలితో చూడు. ఈ మాట మా అమ్మను తలచుకొని చెప్తున్న.

ఉలి దెబ్బ తిన్నచోట లోహం పైన పడే గుంటే కాక లోపల కూడా నలిగి గట్టిపడి ఉంటది. అందుకనే దొంగలు బండి ఛాసిస్ నంబరు గీకేసినా పోలీసు పరీక్షశాలలో ఆమ్లం రాసి పైకి తెప్పిస్తరు. నువ్వు ఆ జోలికి పోకు. వాళ్ళకు కావల్సింది ఒక్క నంబరు, ఆ తర్వాత ఆ ఇనుము ఏమైనా వాళ్ళకు పట్టదు. నీకు బిందె కూడా కావాలె.

కనబడ్డదాన్ని తప్పు చదవకుండ ఉండడం ఇంకో పని. చుక్కల రాతలో ముందు పోయేది తలకట్టు, తర్వాత కింది వత్తు. కొమ్ము అరిగితే మ కాస్తా వ అవుతది. లోపలి గీత పోతే ష కాస్తా ప అవుతది. కింద ఒక్క చుక్క రాలితే భ అని ఉన్నది బ అయి కూచుంటది. మలుపు తిరిగేచోట ఉలి రెండు దెబ్బలు పడుతది కాబట్టి అక్కడ చుక్కలు లోతుగ మిగులుతయి. ముందు ఆ మలుపులు కాయితం మీద పెట్టుకో, తర్వాత వాటిని కలుపుకుంట పో.

నిజాం జమానా అంకెలతో మరీ పైలం. ఉర్దూ రాతలో ఏడు నోరు తెరుచుకొని పైకి చూస్తది, ఎనిమిది అదే గుర్తు బోర్లా పడ్డట్టుంటది. గుండ్రటి చెంబు అడుగున ఏది పైనో ఏది కిందో తెలవక నేనే ఒకసారి డెబ్భై ఏడును ఎనభై ఎనిమిదని చదివి ఒకాయనకు చెప్పిన. పదకొండేండ్ల తేడా. తెలిసినాక ఆయన ఇల్లు వెతుక్కుంట పోయి తప్పు ఒప్పుకున్న. రెండుకూ మూడుకూ ఒక్క పన్ను తేడా, ఆ పన్ను అరిగితే మూడు రెండైతది. అందుకని ముందు పక్కనున్న అక్షరం పట్టుకొని ఏది పైనో తేల్చుకో, తర్వాతే అంకె చదువు.

ఆ సంవత్సరం హిజ్రీనా, సర్కారు లెక్కల ఫసలీనా అన్నది కూడా చూడాలె. మన హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తది.

ఇంక నువ్వు నారాయణపేటలో కొన్న ఆ నాలుగు వెండి నాణేల సంగతి. "ఊరి పేరు అరిగిపోయింది" అని రాసినవు. అరగలేదు బిడ్డా, అసలు పడనే లేదు. చేతితో కొట్టిన కాలంలో ముద్ర పెద్దది, వెండి బిళ్ళ చిన్నది. సుత్తె దెబ్బకు ముద్రలో ఎంత భాగం బిళ్ళ మీద పడితే అంతే అచ్చయ్యేది, మిగతాది గాలికి పోయేది. ఒక నాణెం మీద పేరు తల, ఇంకోదాని మీద తోక పడుతది. నాలుగింటినీ ఒకే కొలతలో గీసుకొని ఒకదాని పక్కన ఒకటి జరిపితే పేరు నిండవచ్చు. మన పాలమూరు దిక్కున గద్వాలలో, వనపర్తిలో, నారాయణపేటలో టంకసాలలు నడిచినయి. నారాయణపేట నాణెం మీద నారాయణపేట అని వెతికితే దొరకదు, దిల్షాదాబాద్ అని వెతుకు. వనపర్తి నాణేలకు సుగూరు. ఆ సంస్థానం పాత పేరు అది.

హైదరాబాద్ నాణేలైతే ఇంకో ఆనవాలు ఉన్నది. 1857 తర్వాత మొగలు పాదుషా పేరు తీసేసి అసఫ్ జా పేరు వేసిన్రు, దానితోపాటు 92 అని ఒక అంకె. అది సంవత్సరం కాదు. ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాలకు విలువలు కడితే వచ్చే మొత్తం. దాన్ని ఏడు అనుకొని లెక్క తప్పినోళ్ళను చాలామందిని చూసిన. మిషను మీద కొట్టిన చార్మినార్ బొమ్మ నాణేలు 1903 ప్రాంతంలో వచ్చినయి. చార్మినార్ నడిమి వాకిట్లో చూడు. మీమ్ ఉంటే మహబూబ్ అలీ పాషాది, అయిన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మీనారులు పూర్తిగ అరిగి మొండి అయినా, కమాను లోపల లోతుగ ఉన్న ఆ ఒక్క అక్షరం చాలాసార్లు మిగులుతది.

పాత తూకం రాళ్ళు దొరికితే బోర్లించు. ఇనుప రాయి అడుగున ఒక గుంటలో సీసం పోసి ఉంటది. తనిఖీ చేసినాయన ముద్ర ఆ సీసం మీదనే పడుతది. మెత్తటి సీసం గనుక ముందు అరిగేది అదే. సేరు లెక్క రాయి అయితే 1958లో కిలోలు రావడానికి ముందుదని అనుకోవచ్చు, కిలోలు వచ్చినాక పాతవి పక్కకు పడ్డయి.

సీసం అంటే గుర్తొచ్చింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద 2024లో మన వారసత్వ శాఖ వాళ్ళు తవ్వితే మట్టికుండలో 3,730 సీసం నాణేలు దొరికినయి. ఒక దిక్కు ఏనుగు, ఇంకో దిక్కు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలంవని తేల్చిన్రు. క్రీస్తు శకం మూడో నాలుగో శతాబ్దం నాటి ఏనుగు. అది ఇయ్యాల మనం చూడగలిగినమంటే, తవ్వినవాళ్ళు అక్కడికక్కడ రుద్ది చూడాలని ఆశపడకపోవడం వల్లనే. నీకు చేనులో, గోడ పునాదిలో అట్లాంటిది ఎదురైతే ఇంటికి తెచ్చుకోకు. భూమిలో దొరికినదాన్ని కలెక్టరుకు తెలపాలని చట్టం ఉన్నది. చట్టం మాట పక్కన పెట్టినా, కుండలో నుంచి ఒక్క నాణెం తీసినా ఆ కుండ చెప్పే మాట సగం పోతది. పానగల్లు మ్యూజియానికి, పిల్లలమర్రి మ్యూజియానికి ఒక్కో ఆదివారం పో. అద్దం పెట్టె ముందు నిలబడి పేరు చీటీ చదవకముందే నీకేమి కనబడుతున్నదో రాసుకో, తర్వాత చీటీ చూడు. కన్ను తయారయ్యేది అట్లనే.

ఒక నోటుబుక్కు పెట్టు. ఎడమ పేజీలో కంటికి కనబడ్డది కనబడ్డట్టే గీయి. పోయినచోట చుక్కలు పెట్టు, నీ మనసు నింపిన అక్షరం రాయకు. కుడి పేజీలో ఊహ రాసుకో. రెండూ కలిసిన రోజు నువ్వు రాసుకున్నదాన్ని నువ్వే నమ్మలేవు. ఎవరికన్నా అమ్మినప్పుడు ఎడమ పేజీ చూపించు. గద్వాల రాజుల ఇంటిదని, రెండువందల ఏండ్లదని అంటే ఎక్కువ పైసలు వస్తయి, నాకు తెలుసు. కొన్నాయన దాన్ని తన పిల్లలకు అట్లనే చెప్తడు, ఆ పిల్లలు ఇంకొకరికి చెప్తరు. నువ్వు కొట్టిన ఆ దొంగ పేరును ఇటుకపొడి కూడా చెరపలేదు.

ఇప్పుడు నీ బిందె. ఫొటోలో నాకు కనబడ్డది ఇది. మెడకింద మొదటి వరుసలో ఒక పేరు ఉన్నది, చివరి "మ్మ" తప్ప ఏమీ నిలవలేదు. రెండో వరుసలో ఒక "స", తర్వాత ఖాళీ, తర్వాత "జిత్తు". అరవై సంవత్సరాల పేర్లలో జిత్తుతో ముగిసేది సర్వజిత్తు ఒక్కటే, కాబట్టి అది తేలినట్టే. దాని పక్కన నాలుగంకెలు. మొదటిది ఒకటి, చివరిది ఏడు. నడిమి రెండూ సగం సగం.

సర్వజిత్తు 1887లో వచ్చింది, మళ్ళా 1947లో, మళ్ళా 2007లో. 2007 నాటికి బోళ్ల మీద ఫసలీ వేసేవాళ్ళు లేరు. ఆ అంకెలు ఫసలీవే అనుకుంటే మిగిలినవి రెండు. 1297 ఫసలీ అయితే 1887 అక్టోబరుకూ 1888 ఉగాదికీ నడుమ కొట్టించిన బిందె, మహబూబ్ అలీ పాషా కాలం. 1357 ఫసలీ అయితే 1947 అక్టోబరుకూ 1948 ఉగాదికీ నడుమ. ఆ నెలల్లో హైదరాబాద్ ఇంకా ఇండియాలో కలవలేదు. మన ఊర్లల్లో పగలు రజాకార్లు, రాత్రి దళాలు. జనం బోళ్లు చేనులో పాతిపెట్టి ఊర్లు విడిచి పోయిన రోజులు. అట్లాంటప్పుడు ఎవరో ఒక ఆడపిల్లకు పెళ్ళి చేసి, రాగి బిందె కొని, సంవత్సరంతో సహా పేరు కొట్టించిన్రంటే ఆ ఇంటివాళ్ళ గుండె ఎంతటిదో. అంకెలు ఇంగ్లిషు అంకెల్లాగనే ఉన్నయి గనుక నా మనసు 1357 దిక్కే మొగ్గుతున్నది. అది కుడి పేజీ మాట, ఇంకా ఎడమ పేజీలోకి ఎక్కించకు.

ఈ రాత్రి టార్చి పట్టుకొని రెండో అంకె కాలు చూడు. వెలుగు కింది నుంచి పైకి పడాలె. కాలు నేల మీద చాపినట్టు చదునుగ ఉంటే రెండు, ఎడమకు ఒంగి కొక్కెంలెక్క ముడుచుకుంటే మూడు. తర్వాత బిందె బోర్లించి, లోపల నడుం దగ్గర పచ్చటి పళ్ళ గీత ఉన్నదో లేదో వేలు పెట్టి చూసి, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ తాత